అప్పు తీర్చే రాయి

మొన్న హనుమకొండ చౌరస్తాలో ఆటో కోసం నిలబడితే పులిసిన పాల వాసన కొట్టింది. చూస్తే కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ. అందులో పెద్ద నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన కింద చిన్న నాయకులు, వాళ్ల కింద ఇంకా చిన్న నాయకులు, మామిడికాయలు పేర్చినట్టు వరుసగా తలకాయలు. "మా వార్డుకు నిధులు మంజూరు చేయించినందుకు కృతజ్ఞతలు" అని పైన పెద్ద అక్షరాలు. పొద్దున ఎప్పుడో పాలాభిషేకం జరిగినట్టుంది. నాయకుని గడ్డం మీదుగా జారిన పాలు ఎండకు అట్టకట్టి ఈగలు ముసిరాయి. కింద కారిన పాలను ఒక కుక్క నాకుతోంది. ఆ మొత్తం కార్యక్రమంలో లాభం పొందిన ప్రాణి అదొక్కటే. పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయిని "ఏ నిధులమ్మా ఇవి?" అని అడిగాను. "ఏమో అంకుల్, గవర్నమెంటువి కావచ్చు" అని ఫోన్‌లోకి తల దించుకుంది. నాకు మా బావ గుర్తుకొచ్చాడు. ఆయనే అయితే ఆటో వదిలేసి, ఆ "మంజూరు" మాట కింద వేలు పెట్టి, "ఇది ఇచ్చిన సొమ్మా బిడ్డా, తెచ్చిన సొమ్మా?" అని మొదలుపెట్టి, ఆ పిల్లకు ఆ రోజు కాలేజీ లేకుండా చేసేవాడు.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ల ఊరి పేరు రాయను. వరంగల్ బస్టాండులో చాయ్ తాగి బస్సెక్కితే ఆ రుచి నోట్లోంచి పోకముందే వచ్చే చిన్న పట్నం అది. ఒకప్పుడు గ్రామపంచాయతీ, తర్వాత మున్సిపాలిటీ అయింది. అయినందువల్ల జనానికి దక్కినవి రెండు, కొత్త బోర్డు, పెరిగిన ఇంటిపన్ను. ఆ బోర్డుకు కొంచెం అవతల, రోడ్డు పక్క మున్సిపాలిటీ జాగాలో వేసుకున్న రేకుల షెడ్డులో మా బావ రాళ్ల మీద అక్షరాలు చెక్కేవాడు. శంకుస్థాపన శిలాఫలకాలు, బడికి గది కట్టించిన దాతల పేర్లు, సమాధుల మీది పలకలు. నల్ల గ్రానైటు పలకను తుడిచి, చాక్‌పీసుతో గీతలు గీసి, అక్షరాలు రాసుకొని, ఒక్కో ఒంపునూ ఉలితో తీసి, చివర బంగారు రంగు నింపేవాడు. వరంగల్‌లో కంప్యూటర్ మెషిన్లు వచ్చాక ఆ పని అరపూటలో అయిపోతోంది. బావ మాత్రం 'ఖ'కు 'బ'కు తేడా తెలియని మెషిన్ అని దాన్ని వెక్కిరించేవాడు. అది అబద్ధమే. మెషిన్‌కు తేడా బాగానే తెలుసు. కోపం వచ్చినప్పుడు మా బావ కూడా అందరిలాగే సాక్ష్యాన్ని పక్కన పెట్టేవాడు.

యవ్వనంలో మేమిద్దరం ఒకే గుంపులో తిరిగాం. దెయ్యముందన్నవాణ్ణి శ్మశానానికి తీసుకుపోవడం, బాబాలు గాల్లోంచి తీసే విభూతిని వాళ్లకంటే ముందే మేం తీసి చూపడం, ఆదివారాలు ఒక లైబ్రరీ గదిలో గొంతు బొంగురుపోయేదాకా వాదించుకోవడం. ఆ వాదాల్లోనే ఆయనకు మా ఇంటి పరిచయం కలిగింది, ఆ పరిచయంలోనే మా అక్కతో, పురోహితుడు లేకుండా, దండలు మార్చుకొని పెళ్లి. తర్వాత నేను వ్యాసాల వైపు పోయాను, ఆయన రాళ్ల వైపు. "నువ్వు రాసింది తెల్లారి పకోడీల పొట్లమైతది బామ్మర్దీ. నేను రాసింది చెరపాలంటే సుత్తె కావాలె" అనేవాడు. నిజమే కాబట్టి నాకు కోపం వచ్చేది.

రాతిలో అబద్ధం చెక్కనని ఆయనకొక పట్టుదల. సమాధి పలక మీద 'స్వర్గీయ' అని చెక్కేవాడు కాదు. కొడుకులు కన్నీళ్లతో వస్తే, "మీ నాయిన స్వర్గంల దిగినట్టు మీకు ఫోనొచ్చిందా?" అని అడిగేవాడు. 'కీర్తిశేషులు' అయితే సరే, మనిషి పోయాక మంచిపేరు మిగలొచ్చు, అందులో శాస్త్రవిరుద్ధం ఏమీ లేదని ఆయన తీర్పు. వాళ్లు ముఖం మాడ్చుకొని వెళ్లిపోతుంటే, మా అక్క వీధి మలుపు దాకా వెంటపోయి, ఆర్డరు పట్టుకొని, వరంగల్‌లో వేరేవాళ్లతో చెక్కించి ఇచ్చేది. ఆ ఇంట్లో బియ్యం సగం ఆయన ఉలి తెచ్చేది, సగం ఆమె ఓర్పు తెచ్చేది. "బువ్వ పెట్టే రాయితోటి లొల్లి ఎందుకయ్యా నీకు?" అని ఆమె, "లొల్లి రాయితోటి కాదే, రాతతోటి" అని ఆయన. నా మేనకోడళ్లు ఆ సంభాషణ వింటూనే పెద్దవాళ్లయ్యారు.

కొన్నేళ్ల కిందట ఆ మున్సిపాలిటీ ఒక పెద్ద పని ఎత్తుకుంది. ఊరంతా మురుగునీటి మోరీలు, నడిమధ్యలో దుకాణాల కాంప్లెక్స్. "భారీగా నిధులు మంజూరు" అని మైకు పెట్టిన ఆటో తిరిగింది. బస్టాండు దగ్గర పటాకులు కాల్చారు. అసలు సంగతి, అది బ్యాంకు నుంచి తెస్తున్న అప్పు. వడ్డీ ఎక్కువ, పైగా మధ్యలో పెరగొచ్చు. ఇంటిపన్ను, నల్లా బిల్లు, అంగడిలో వసూలయ్యే తైబజారు, అన్నీ ముందు ఒక ప్రత్యేక ఖాతాలో పడతాయి. బ్యాంకు తన వాయిదా పట్టుకున్నాక మిగిలితే ఊరికి. ఇదేదో ఎవరో దాచిన రహస్యమనుకునేరు. కమిషనర్ విలేకరులకు చెప్పాడు, పేపర్లో లోపలి పేజీలో అచ్చయింది. ఎవరూ దాచలేదు, ఎవరికీ వినపడలేదు. 'నిధులు' అన్న మాట చెవిలో పడగానే మన జనానికి ఒక రకమైన మత్తు వస్తుంది. ఆ మాటకు ఇచ్చేవాడి చెయ్యి ఉంటుంది, తీర్చేవాడి మెడ ఉండదు. అందుకే పాలకులకు అదంటే అంత ప్రేమ.

బావకు మాత్రం వినపడింది. నన్ను పిలిపించాడు. ఇంకో పదిమందిమి కలిసి వీధి వీధి తిరిగి జనం సంతకాలు తీసుకున్నాం. మోరీలు వద్దని మేమనలేదు. దోమలు మమ్మల్ని కూడా కుట్టేవి. కాంప్లెక్స్ ఆగొచ్చు, తక్కువ వడ్డీ దారులు వెతకండి, వార్డుల్లో జనాన్ని అడగండి, అప్పటిదాకా సంతకం పెట్టొద్దు, అంతే మా మాట. ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టాం. ముందు నేను మాట్లాడాను. ఎస్క్రో అనే ఆ ప్రత్యేక ఖాతా గురించి, తేలియాడే వడ్డీ రేటు గురించి నిప్పులు కురిపించాననుకున్నాను. కాసేపటికి తేలియాడింది వడ్డీ కాదు, జనం కళ్లు. బావ నా చేతిలో మైకు గుంజుకున్నాడు.

"ఒక్కటే అడుగుత. ఇంట్ల పిల్ల పెండ్లికి మీరు మిత్తికి పైసలు తెస్తే, బ్యాండు పెట్టి పటాకులు కాలుస్తరా?"

మార్కెట్లో కూరగాయలమ్మే ఒకామె ముందు వరుసలోంచి లేచింది. బావను 'అన్నా' అని పిలుస్తుంది, పన్నెండు నెలలూ ఏదో ఒక గ్రూపు లోన్ కిస్తీలు కడుతూనే ఉంటుంది. "కాలుస్తమన్నా! పెండ్లి కదా, కాల్చకపోతె ఎట్ల?" అంది. హాలు గొల్లుమంది. బావ కూడా నవ్వాడు. వాదంలో ఓడినప్పుడు నవ్వగలిగినవాడు నిజమైన వాది అని మా ఆదివారం గుంపులో అనుకునేవాళ్లం. కానీ ఇంటికి నడుస్తూ దారంతా ఆమె మాటే తిప్పి తిప్పి అనుకున్నాడు. చివరికి గడప దగ్గర, "ఆమెది తప్పు కాదు బామ్మర్దీ. అప్పు జేసిననాడే పండుగ. కట్టేనాడు ఒక్కొక్కడు ఒంటరిగ కడుతడు" అన్నాడు.

ఆ వారంలోనే, నేనూ అక్కడుండగా, మున్సిపల్ ఛైర్మన్ షెడ్డుకు వచ్చాడు. బావకు వరుసకు కొడుకవుతాడు. చిన్నప్పుడు ఈ షెడ్డు ముందరే గోలీలాడాడు. పంచెకట్టు కొత్తది, చిరునవ్వు పాతది. శంకుస్థాపన శిలాఫలకం చెక్కాలి, పెద్ద రాయి, పెద్ద ఆర్డరు. మాటర్ చెప్పాడు. చివరి వరుస, "పట్టణాభివృద్ధి నిధులతో".

"నిధులు ఎక్కడియిరా కొడుకా? అప్పు గదా? 'బ్యాంకు అప్పుతో' అని చెక్కుత" అన్నాడు బావ.

"కాకా, శుభమా అని కొబ్బరికాయ కొట్టెకాడ అప్పు అంటవేంది? మంచిగనిపియ్యది."

"తెచ్చేటప్పుడు మంచిగనిపించింది గదా?"

"అందరు నిధులనే రాస్తరు కాకా. నువ్వేమన్న కొత్తగ పుట్టినవా?"

"అప్పు అని చెక్కనియ్యి, నాకు రూపాయి వద్దు. రాయి కూడ నాదే."

ఛైర్మన్ లేచి పంచె దులుపుకున్నాడు. షెడ్డు పైరేకుల వైపు చూస్తూ, ఎంతో ఆప్యాయంగా, "కాకా, ఈ జాగ ఎవలది?" అన్నాడు. సమాధానం కోసం ఆగలేదు. మా అక్క చాయ్ గ్లాసులతో అప్పుడే వచ్చి నిలబడింది. ఆ చాయ్ మేం ముగ్గురం తాగాం. ఎవరికీ రుచించలేదు. ఆ షెడ్డే వాళ్ల బతుకు. ఇద్దరు బిడ్డల చదువులు, పెళ్లిళ్లు ఆ రేకుల కింది దుమ్ములోంచి వచ్చినవే. పొలం లేదు, పింఛను లేదు. "ఒక్క మాట కోసం షెడ్డు పోగొడుతవా?" అని అక్క అడిగింది. అరవలేదు. ఆమె అరవనప్పుడే మాకు భయం.

శిలాఫలకం వరంగల్‌లో మెషిన్ మీద తయారైంది. చివరి వరుసలో 'నిధులతో' అని నిగనిగలాడుతూ. పెద్ద నాయకుడొకాయన వచ్చాడు, తెర లాగాడు, చప్పట్లు. మా సంతకాల కాగితాలు ఆ రోజే ఆయన చేతికిస్తే, మడిచి, పక్కనున్నవాడికిచ్చి, మా బావ భుజం తట్టి, "మీలాంటి పెద్దలు ఉండాలండి" అని కారెక్కాడు. నాయకుల భాషలో దానికి అర్థం ఏమిటో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను. మర్నాటి నుంచి బావ షెడ్డులో పొద్దంతా ఉలి చప్పుడు. వారం తర్వాత షెడ్డు ముందర, మనిషి నడుమెత్తున, ఒక నల్లరాయి పాతాడు. దాని మీద ఇంతే: "ఈ ఊరు బ్యాంకు దగ్గర అప్పు చేసింది. తీర్చేది మనమే."

జనం ఆగి చదివారు. చదవడం రానివాళ్లకు చదివినవాళ్లు చెప్పారు. మూడు నాలుగు రోజులు ఊళ్లో అదే మాట, చాయ్ హోటల్లో అదే మాట. మా ఉపన్యాసాలు చేయలేనిది రాయి చేసింది, గెలుస్తున్నాం అనుకున్నాను. ఆ పొరపాటు నాదొక్కడిదే కాదు, బావది కూడా. మన దగ్గర నిలబెట్టిన రాయి ఏమవుతుందో, జీవితమంతా దాని మీద పోరాడినవాళ్లం, మేమే మరిచిపోయాం.

ఒక పొద్దున రాయి మీద పసుపు, కుంకుమ. బావ నీళ్లు పోసి కడిగాడు. మర్నాడు బంతిపూలు. తీసేశాడు. శుక్రవారం కొబ్బరికాయ. చెప్పేవాళ్ల నోళ్లలో మాట మెల్లగా అరిగింది. 'అప్పు, తీర్చేది మనమే' అన్నది 'అప్పు తీర్చేది' అయింది. అప్పు తీర్చే రాయి. గ్రూపు లోన్లు ఉన్న ఆడవాళ్లు, పత్తి ధర పడిపోయిన రైతులు, బండి ఫైనాన్సు కట్టలేని ఆటోవాళ్లు చుట్టు తిరగడం మొదలుపెట్టారు. కూరగాయలామె వచ్చి, బావ ఎదురుగానే దండం పెట్టి, "అన్నా, నువ్వు పుణ్యాత్మునివి. మా అసొంటోళ్ల కోసం మంచి దేవున్ని దెచ్చినవు" అంది. మా బావ ముఖంలో ఆ రోజు చూసిన రంగు నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. "చెల్లె, గది దేవుడు కాదు, బోర్డు" అన్నాడు. "దేవుడు ఎట్లన్న వస్తడన్నా" అని ఆమె ధైర్యం చెప్పింది. మా పాత గుంపులో ఒకడు ఫోన్ చేసి, "ఏం, పూజారి పోస్టు ఖాళీ ఉందా?" అని అడిగాడు. బావ నవ్వలేదు.

షెడ్డు తొలగించాలని మున్సిపాలిటీ చెప్పింది. రోడ్డుకు అడ్డమట. ఆ రోడ్డుకు అడ్డంగా ఇంకా నలభై షెడ్లున్నాయి, అవి అడ్డం కాదు. తొలగిస్తామన్న రోజు పొద్దున్నే జేసీబీ వచ్చింది. నేను ముందురోజే వెళ్లి అక్కడున్నాను. జేసీబీ కంటే ముందు ఆడవాళ్లు వచ్చి రాయి చుట్టూ కూర్చున్నారు. కూరగాయలామె కొంగు బిగించింది. "మా రాయిని ముట్టుకో, నీ చెయ్యి ఏమైతదో చూడు" అంటే డ్రైవర్ ఇంజను ఆపి కిందికి దిగి చెప్పులు కూడా విడిచాడు. జేసీబీ వెంట వచ్చిన మున్సిపాలిటీ అధికారి ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి ఛైర్మన్ బండి మీద వచ్చాడు. జనాన్ని చూశాడు. ఓట్లు లెక్కపెట్టడం తెలిసిన కళ్లు కదా, ఒక్క క్షణం చాలింది. రాయి ముందు వంగి దండం పెట్టి, బొట్టు పెట్టుకొని, బావ దగ్గరికి వచ్చాడు.

"కాకా, ఇగ ఇది గుడి జాగ. ఎవడు ముట్టడు, నాది జిమ్మ. నీ షెడ్డు ఉంటది. దేవుని మీదికి రేకులు గూడ ఏపిస్త. నువ్వు జర ఊకె ఉండు, చాలు."

ఊరుకుంటే చాలు. అబద్ధం చెప్పక్కర్లేదు, దండం పెట్టక్కర్లేదు. అక్క బావ వెనకాల నిలబడి ఆయన చొక్కా పట్టుకుంది. "ఒక్కసారి. నా కోసం ఒక్కసారి నోరు మూసుకో" అంది. ఎదుటివాళ్లకు వినిపించేంత గట్టిగా కాదు. ఇన్నేళ్లలో ఆమె ఆయన్ని తన కోసమని ఏదీ అడగలేదు. బావ రాయి వైపు చూశాడు. తర్వాత అక్క చేతిని మెల్లగా విడిపించి, ఆ చేతిని ఒకసారి నొక్కి, ఆడవాళ్ల మధ్యకు పోయాడు.

"చెల్లె, దీని మీద ఏమున్నది?" అని కూరగాయలామెను అడిగాడు.

"నాకు సదువొచ్చా అన్నా?"

"నేను చదువుత. ఊరు అప్పు జేసింది, తీర్చేది మనమే అన్న. మనమే అంటే నువ్వు, నేను. రాయి కాదు. నువ్వు అంగడిల కట్టే తైబజారు ముందు బ్యాంకుకు పోతది, మిగిలితే నీ మోరీ తీస్తరు. గదే రాసిన. ఇది నీ కిస్తీ కట్టదు."

"కట్టదని నీకెట్ల తెలుసు?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ, కోపంగా.

"ఎట్ల తెలుసంటే అవ్వా, ఈ రాయిని నేను ఉద్దెర దెచ్చిన. దీని అప్పే ఇంక తీరలే."

జేసీబీ డ్రైవర్ ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వు కాదు. అది తగ్గేసరికి కొందరు లేచి, చీరల దుమ్ము దులుపుకుంటున్నారు. కూరగాయలామె నవ్వలేదు. "గీ మాట ముందే గట్టిగ జెప్తే కొబ్బరికాయల పైసలన్న మిగులుతుండె గదన్నా" అంది. కళ్లలో నీళ్లున్నాయి. దేవుడు పోయినందుకో, పైసలకో, ఆయన కోసమో తెలియదు. మిగతావాళ్లంతా వెళ్లిపోయాక ఆమె ఒక్కతే ఇంకాసేపు అక్కడే కూర్చుంది. "రాయి దేవుడు కాకపాయె, ఈ షెడ్డేం పాపం జేసింది సారూ?" అని అధికారిని అడిగింది. ఒక్కరు కూర్చున్న చోట జేసీబీ ఆగదు. ఎండ నడినెత్తికి రాకముందే రేకులు ఒక పక్క, ఉలులు ఒక పక్క పడ్డాయి. రాయిని ట్రాక్టర్‌లో వేసుకుపోయారు. అక్క వంగి ఉలులు ఒక్కొక్కటే ఏరి గోనెసంచిలో వేసింది. బావ సాయం చేయబోతే సంచిని తనవైపు లాక్కుంది.

నేను జీవితమంతా దేవుళ్లతో పోట్లాడాను. ఆ రోజు మాత్రం ఒక దేవుడు బతికుంటే బాగుండునని మా అక్క ముఖం చూస్తే అనిపించింది. బావ చేసింది తప్పని నేననను. ఆయన స్థానంలో నేనుంటే మాట్లాడేవాణ్ణని కూడా అనను.

వాళ్లిప్పుడు వరంగల్‌లో ఒక గదిలో అద్దెకుంటున్నారు. బావ ఆ మెషిన్ దుకాణంలోనే పనిచేస్తున్నాడు. రాయి ముట్టనియ్యరు, స్పెల్లింగులు దిద్దడం ఆయన పని. అక్క ఆయనతో మాట్లాడుతుంది, వంటకూ మందులకూ సరిపడా. ఊళ్లో మోరీలు సగం తవ్వి వదిలేశారు. కాంప్లెక్స్ షట్టర్లకు తాళాలు. వాయిదాలు మాత్రం తప్పకుండా పోతున్నాయి, ఇంటిపన్ను పెరిగింది, ఊడ్చేవాళ్ల జీతాలు నెలల తరబడి ఆలస్యమవుతున్నాయి. ఆ ఛైర్మన్ దిగిపోయాడు, ఇంకొకాయన ఎక్కాడు. పాత సంతకం నాది కాదంటాడు, అదీ నిజమే.

పోయిన నెల పని మీద ఆ ఊరు వెళ్లాను. బస్సులో ఒకతను "అప్పు కాంప్లెక్స్ కాడ ఆపు" అన్నాడు. కండక్టర్ కూడా "అప్పు కాంప్లెక్స్, దిగేటోళ్లు రండ్రి" అని అరిచాడు. నాకు ఒళ్లు పులకరించింది. రాతి మీద 'నిధులు' అని ఉన్నా జనం నోట 'అప్పు' అనే పడింది! పరుగున వచ్చి బావకు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ విన్నాడు.

"పేరైతే పడ్డది బామ్మర్దీ. పేరు పడ్డంక గది ఊరు పేరసొంటిదే. తొర్రూరు అంటే ఎవడన్న తొర్ర ఎక్కడున్నదని అడుగుతాండా? రేపు పుట్టే పోరగాండ్లు అప్పు కాంప్లెక్స్ కాడ ఐస్‌క్రీం తింటరు. వాళ్లే కడుతరు, ఎందుకు కడుతాన్నమని అడుగరు."

ఎదుటివాడు వాదిస్తే జవాబు చెప్పగలను. ఏ వాదమూ చేయకుండా గడిచిపోయే కాలానికి ఏం జవాబు చెప్పాలో ఈ వయసులోనూ నాకు తెలియదు.